పక్కపాత్ర కోసం కథ ఆగాలా?

ఉత్తమ పురుషలో, అంటే 'నేను' చెప్పే కథలు రాసేవాళ్ళు రెండు రకాల మాటలు తరచూ వింటుంటారు. ఒకటి, "కథ బాగా పరిగెత్తింది గానీ మెయిన్ క్యారెక్టర్ తప్ప మిగతా వాళ్ళెవరూ గుర్తులేరు." రెండోది, "మనుషులు బాగున్నారు గానీ మధ్యలో బాగా సాగింది." మొదటి మాట విన్న రచయిత వెంటనే వెళ్ళి అన్నకో పేజీ, స్నేహితురాలికో పేజీ, ఆఫీసు బాసుకో పేజీ గతం రాసి అతికిస్తాడు, దాంతో రెండో మాట పడుతుంది. అది విని ఆ పేజీలు కోసేస్తే వ్యవహారం మళ్ళీ మొదటికొస్తుంది. ఇలా రెండు మూడు డ్రాఫ్టులు అటూ ఇటూ తిరిగాక చాలామంది విసుగొచ్చి, వేగం కావాలంటే పాత్రల్ని తగ్గించాలి, పాత్రలు కావాలంటే వేగం వదులుకోవాలి, అంతే అని సర్దుకుపోతారు.

నేను దీంతో ఏకీభవించను. ఈ రెండింటికీ గొడవ రావడానికి కారణం ఒకటే అని నా నమ్మకం. పక్కపాత్రకు కథలో సొంత పని లేనప్పుడు మాత్రమే ఆ మనిషిని పరిచయం చెయ్యడానికి కథ ఆపాల్సి వస్తుంది. పని ఉంటే, ఆ పని చేస్తుండగానే మనిషి తెలిసిపోతాడు.

ముందు ఈ ఇబ్బంది 'నేను' కథల్లోనే ఎందుకింత ఎక్కువో చూడాలి. ప్రథమ పురుషలో, అంటే 'అతను', 'ఆమె' అంటూ రాసేటప్పుడు రచయితకు ఒక వెసులుబాటు ఉంటుంది. రెండో అధ్యాయంలో నేరుగా తమ్ముడి గదిలోకి వెళ్ళిపోవచ్చు, అతను ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేస్తాడో చూపించవచ్చు, నాలుగు వాక్యాల్లో అతని మనసు చదివి బయటికొచ్చెయ్యవచ్చు. 'నేను' కథలో ఆ తలుపులన్నీ మూసేసి ఉంటాయి. కథ చెప్పే మనిషి లేని చోటికి మనం వెళ్ళలేం, ఆమెకు తెలియనిది చెప్పలేం. దాంతో రచయితకు తోచే సులువు దారి ఏమిటంటే, ఆమె చేతే చెప్పించెయ్యడం. "రఘు చిన్నప్పటి నుంచీ నాకు స్నేహితుడు. తండ్రి చనిపోయాక కుటుంబ భారమంతా వాడి మీదే పడింది. పైకి నవ్వుతూ కనిపిస్తాడు గానీ లోపల..." ఇలా మొదలవుతుంది. ఇక్కడ కథ చెప్పే మనిషి కథలోంచి బయటికొచ్చి, మన వైపు తిరిగి, సమాచారం ఇస్తోంది. ఆమె గొంతు ఒక్కసారిగా ఎవరిదో అయిపోతుంది. నిజంగా తన స్నేహితుడి గురించి ఎవరూ మనసులో అలా అనుకోరు కదా. పాఠకుడు సాగుతోంది అంటాడే, అందులో సగం వేగం గురించి కాదు, ఆ గొంతు మారిపోవడం గురించే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మాటల్లో చెబితే అంతగా అర్థం కాదు కాబట్టి ఒక ఉదాహరణ తీసుకుందాం. కథ చెప్పేది ఒక అమ్మాయి. తమ్ముడు సాయంత్రం గొడవపడి ఇంట్లోంచి వెళ్ళిపోయాడు, ఫోన్ స్విచాఫ్. అర్ధరాత్రి దాటింది. పై ఇంట్లో ఉండే పెద్దాయనకు కారుంది. ఆయన్ని లేపి, ఇద్దరూ వెతకడానికి బయల్దేరారు. ఇప్పుడు ఈ పెద్దాయన ఎవరో పాఠకుడికి తెలియాలి, ఎందుకంటే నవల రెండో సగంలో ఆయనకు ముఖ్యమైన పాత్ర ఉంది. మామూలుగా రాస్తే ఇలా వస్తుంది:

"మూర్తి గారు రిటైర్డ్ లెక్కల మాస్టారు. క్రమశిక్షణకు మారుపేరు. భార్య పోయాక ఒంటరిగానే ఉంటున్నారు. చాలా ఏళ్ళ క్రితం కొడుకు ఇల్లు వదిలి వెళ్ళిపోయాడని, ఎంత వెతికినా దొరకలేదని అమ్మ చెబుతుండేది. ఆ బాధ ఆయన్ని లోపల్లోపల తినేస్తూ ఉండేది."

అయిదు వాక్యాలే. ఎక్కువేం కాదు. కానీ కారు ఆగిపోయింది. తమ్ముడి కోసం పడుతున్న టెన్షన్ అంతా ఆవిరైపోయింది. పైగా ఇంత చెప్పినా మూర్తి గారు మనకు కనిపించలేదు, ఆయన బయోడేటా మాత్రం అందింది. కొడుకు సంగతి ఇంత ముందే విప్పేశాం కాబట్టి అది తర్వాత పనికి రాకుండా కూడా పోయింది.

ఇప్పుడు అదే మనిషికి పని పెట్టి చూద్దాం.

"రోడ్డు మీద పురుగు లేదు. అయినా మూర్తి గారు ఎర్ర సిగ్నల్ దగ్గర కారాపి, అంకెలు తగ్గడం చూస్తూ కూర్చున్నారు. నలభై. ముప్ఫై తొమ్మిది. 'అంకుల్, ఎవరూ లేరు, పోనివ్వండి' అన్నాను. ఆయన వినిపించుకోలేదు. నాకు కారు దిగి పరిగెత్తాలనిపించింది.

బస్టాండ్ దగ్గర నేను ముందు వైపు పరిగెత్తబోతుంటే ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. 'అక్కడ ఉండడు. అక్కడ లైట్లుంటాయి. వెనకాల పార్సిల్ ఆఫీసు గోడ పక్కన చూడాలి. పిల్లలు ఆ గోడకే ఆనుకుని పడుకుంటారు.'

'మీకెలా తెలుసు?'

'ముఖం మీద టార్చి కొట్టకు. కాళ్ళ మీద వెయ్యి. చెప్పుల్ని బట్టి తెలుస్తుంది' అన్నారాయన."

ఇందులో మూర్తి గారి గతం గురించి ఒక్క మాట కూడా లేదు. అయినా ఈయన ఎప్పుడో, ఒక్కసారి కాదు, చాలా రాత్రులు, ఇలాగే ఎవరినో వెతికాడని పాఠకుడికి అర్థమైపోతుంది. చెప్పుల సంగతి అనుభవం లేని మనిషికి తట్టదు. సిగ్నల్ దగ్గర ఆయన చాదస్తం అమ్మాయి గాభరాను పెంచింది, అంటే పాత్రను చూపించే ఆ ముక్కే కథకు బిగువు తెచ్చింది. ఆయనకు తెలిసిన విషయం లేకపోతే వెతుకులాట ముందుకు కదలదు. ఇక ఆ అమ్మాయి, "మీకెలా తెలుసు" అని అడిగి, జవాబు రాకపోయినా పట్టించుకోలేదు చూడండి. ఆ క్షణాన ఆమెకు తమ్ముడు తప్ప ఏమీ పట్టదు. అది ఆమె స్వభావానికీ పరిస్థితికీ సరిపోయింది. జవాబు రాని ఆ ప్రశ్న మాత్రం మనలో ఉండిపోతుంది. ఇంకో పది అధ్యాయాల తర్వాత ఆయన ఇంట్లో, వాడని గదిలో, ఒక కుర్రాడి చెప్పుల జత కనిపిస్తే చాలు, అక్కడ రచయిత నోరు విప్పనక్కర్లేదు.

'నేను' కథకు ఉన్న అసలు బలం ఇక్కడే ఉందని నేననుకుంటాను. కథ చెప్పే మనిషికి అన్నీ కనిపిస్తాయి, కానీ అన్నీ అర్థం కావు. ఆమె చూసినదానికీ అర్థం చేసుకున్నదానికీ మధ్య ఖాళీ ఉంటుంది. పక్కపాత్రలు పెరిగేది ఆ ఖాళీలోనే. ఆమెకు అన్నీ సరిగ్గా అర్థమైపోతే, ప్రతి మనిషి గురించీ కచ్చితమైన తీర్పు ముందే ఇచ్చేస్తే, పాఠకుడికి చెయ్యడానికి పనేం మిగలదు. మొక్కపాటి నరసింహశాస్త్రి నవలలో బారిస్టర్ పార్వతీశం తన కథ తనే చెప్పుకుంటాడు, ఆడవాళ్ళ టోపీ అని తెలియక దర్జాగా కొనుక్కుంటాడు, పక్కనున్నవాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో అతనికి వెంటనే అంతుపట్టదు గానీ మనకు పడుతుంది. ఆ నవ్వే వాళ్ళ గురించి విడిగా పరిచయాలు అవసరం లేదు. అతన్ని వాళ్ళు చూసే చూపే వాళ్ళ పరిచయం.

షెర్లాక్ హోమ్స్ కథలు దీనికి ఇంకో మంచి ఉదాహరణ. మొత్తం 56 చిన్న కథలుంటే దాదాపు అన్నీ హోమ్స్ స్నేహితుడు వాట్సన్ చెప్పినవే. 1926లో వచ్చిన రెండు కథలు మాత్రం హోమ్స్ స్వయంగా చెబుతాడు. అందులో ఒకదాంట్లో, పాఠకుడికి ఆసక్తి కలిగేలా రాయడం అనుకున్నంత తేలిక కాదని, వాట్సన్ ఉంటే బాగుండేదని హోమ్సే ఒప్పుకుంటాడు. ఎందుకంటే వాట్సన్ చెబుతున్నప్పుడు అతనికి తెలియదు కాబట్టి మనకూ తెలియదు, అది సహజంగా ఉంటుంది. హోమ్స్ చెబుతున్నప్పుడు అతనికి తెలిసీ మన దగ్గర దాచాల్సి వస్తుంది. కథ ఎవరు చెబుతున్నారన్నదాని మీదే వేగమూ, పక్క మనిషి మీద మనకుండే కుతూహలమూ రెండూ ఆధారపడి ఉన్నాయని దీంతో తేలిపోతోంది. మీ నవల ముప్ఫై పేజీలు రాశాక కూడా కదలకపోతే, పాత్రల్ని కొయ్యడం మొదలుపెట్టేముందు, అసలు ఈ కథ చెప్పాల్సిన మనిషి ఈవిడేనా అని ఒకసారి అడగండి. అన్నీ తెలిసిన మనిషి చేతిలో కథ పెడితే పక్కపాత్రలకు ఊపిరాడదు.

సరే, పని పెట్టడం అంటే ఏమిటి? ప్రతి పక్కపాత్రకూ కథ చెప్పే మనిషితో సంబంధం లేని ఒక కోరిక ఉండాలి, అది అప్పుడప్పుడూ ఆమె దారికి అడ్డం రావాలి. చాలా డ్రాఫ్టుల్లో స్నేహితురాలు అనే పాత్ర ఫోన్ చెయ్యగానే ఎత్తుతుంది, రమ్మనగానే వస్తుంది, ఏడిస్తే భుజం ఇస్తుంది, సలహా అడిగితే ఇస్తుంది, మళ్ళీ పిలిచేదాకా కనబడదు. ఆమెకు పెద్ద గతం రాసిచ్చినా బతకదు, ఎందుకంటే వర్తమానంలో ఆమెకు ఏ తొందరా లేదు. అదే స్నేహితురాలు ఫోనెత్తి, "నాకు రేపు ఇంటర్వ్యూ ఉందే, రాత్రికి రాలేను, పొద్దున్న తొమ్మిది తర్వాత చెయ్యి" అంటే? కథ చెప్పే మనిషికి కోపం వస్తుంది, ఒంటరిగా వెళ్ళాల్సి వస్తుంది, అక్కడ ఏదో జరుగుతుంది. ఒక్క వాక్యంతో ఆ స్నేహితురాలికి సొంత జీవితం వచ్చింది, కథ కొత్త మలుపు తిరిగింది. ఆ తర్వాత ఎప్పుడో ఇంటర్వ్యూ ఏమైందని ఈమె అడగడం మర్చిపోతే, అది ఈమె గురించి కూడా ఏదో చెబుతుంది.

దీనికి తోడు, మనుషులు మన కళ్ళెదుట లేనప్పుడు కూడా బతుకుతూనే ఉంటారని గుర్తుపెట్టుకోవాలి. మూడో అధ్యాయంలో కనబడి ఏడో అధ్యాయంలో మళ్ళీ వచ్చే మనిషి, మూడులో ఎలా ఉన్నాడో అలాగే ఫ్రిజ్‌లోంచి తీసినట్టు రాకూడదు. మధ్యలో నాలుగు నెలలు గడిచాయి. గడ్డం పెంచాడా, సిగరెట్ మానేశాడా, మాట్లాడేటప్పుడు కొత్తగా ఎవరి పేరో మాటిమాటికీ తెస్తున్నాడా? కారణం చెప్పక్కర్లేదు. ఆమెకు కనిపించిన మార్పు ఒక్కటి రాస్తే, ఆ నాలుగు నెలలూ పాఠకుడే ఊహించుకుంటాడు. పాత్ర ఎదుగుదల అని మనం అనేదాంట్లో చాలా భాగం పేజీ బయటే జరగవచ్చు, జరగాలి కూడా. వేగానికి దీన్ని మించిన సాయం లేదు.

ఇక పిలుపుల సంగతి. మన భాషలో రాసేవాళ్ళకు దొరికిన వరం ఇది, దీన్ని వాడుకోకపోతే ఎలా. ఇన్నాళ్ళూ 'మీరు' అన్న మనిషి ఒక కోపంలో 'నువ్వు' అంటే, 'ఒరేయ్' అని పిలిచే అన్నయ్య ఒకరోజు పూర్తి పేరుతో పిలిస్తే, పెళ్ళయ్యాక కూడా 'గారూ' వదలని భర్త ఆస్పత్రిలో మొదటిసారి పేరు పెట్టి పిలిస్తే, ఒక సంబంధం మొత్తం కదిలిపోయినట్టే. దానికి అదనంగా ఒక్క వాక్యం కూడా ఖర్చు కాదు. అయితే కథ చెప్పే మనిషి అది గమనించిందా లేదా అన్నది మీరు ముందే తేల్చుకోవాలి. గమనిస్తే రాయండి, గమనించకపోతే డైలాగులో వదిలెయ్యండి, దాన్ని వివరించకండి.

వేగం అంటే పరుగు అనుకునే అలవాటొకటి ఉంది, దాని గురించీ ఒక మాట. వరసగా సంఘటనలు పడుతూ ఉంటే వేగంగా ఉందని కాదు. పాఠకుడి మనసులో ఒక ప్రశ్న బతికి ఉంటే ఇద్దరు మనుషులు గిన్నెలు కడుక్కుంటూ మాట్లాడుకునే సీను కూడా వేగంగానే నడుస్తుంది. ప్రశ్న లేకపోతే కారు ఛేజ్ కూడా నత్తనడకే. ది గ్రేట్ గాట్స్‌బీ అనే ఇంగ్లీషు నవల 1925లో వచ్చింది, కథ చెప్పేది గాట్స్‌బీ పక్కింట్లో ఉండే నిక్. అసలు మనిషి గాట్స్‌బీతో అతను మాట్లాడేది మూడో అధ్యాయంలోనే. అప్పటిదాకా మనకు దొరికేవి పుకార్లు, దూరం నుంచి ఒకసారి చీకట్లో కనిపించిన ఆకారం. గాట్స్‌బీ హత్య చేశాడని ఒకరంటారు, గూఢచారి అని ఇంకొకరంటారు. ఆ పుకార్లు చెప్పే వాళ్ళు కూడా ఎలాంటి మనుషులో వాళ్ళ మాటల్లోనే తెలుస్తుంటుంది. ఒక మనిషిని ఆలస్యంగా తీసుకురావడం వల్ల కథ నెమ్మదించలేదు, ఆ ఆలస్యమే మనల్ని లాక్కుపోయింది.

కాబట్టి నెమ్మదిగా ఉండే సీన్లు రాయడానికి భయపడనక్కర్లేదు, ఎక్కడ పెడుతున్నామన్నదే ముఖ్యం. పెద్ద సంఘటన జరిగిన వెంటనే వచ్చే చోటు పక్కపాత్రలకు బంగారం లాంటిది. తమ్ముడు దొరికాడనుకోండి. ఇంటికి తీసుకొచ్చారు, వాడు పడుకున్నాడు. తెల్లవారుజామున అమ్మాయి, మూర్తి గారు మెట్ల మీద కూర్చున్నారు. ఇప్పుడు పాఠకుడు కూడా ఊపిరి తీసుకోవాలనుకుంటాడు, ఇప్పుడు ఆయన రెండు పేజీలు మాట్లాడినా వింటాడు, ఎందుకంటే బస్టాండ్ గోడ దగ్గర పుట్టిన ప్రశ్న ఇంకా తీరలేదు. అదే రెండు పేజీలు కారులో వెళ్తుండగా పెడితే పాఠకుడు తిప్పేస్తాడు. సమాచారం అదే, మనిషి అదే. ఒకచోట అది అడ్డం, ఇంకోచోట అదే కావాలి. అప్పుడు కూడా ఆయన చేత మొత్తం చెప్పించకండి. ఆయన చెప్పడం మొదలుపెట్టి, లోపల తమ్ముడు దగ్గగానే ఆపేసి, "వెళ్ళమ్మా, నీళ్ళు ఇవ్వు" అంటే నాకు ఇంకా నచ్చుతుంది.

జరిగిపోయిన కథను చాలా ఏళ్ళ తర్వాత గుర్తుచేసుకుంటూ చెప్పే 'నేను' అయితే ఇంకో సౌకర్యం ఉంది. అక్కడ నిజానికి ఇద్దరుంటారు, అప్పటి నేను, ఇప్పటి నేను. అప్పటి నేనుకి మూర్తి గారు చాదస్తపు ముసలాయన. ఇప్పటి నేనుకి ఆయనెవరో తెలుసు. ఒక్క వాక్యం ముందుకు దూకి, "ఆ రాత్రి తర్వాత నేనాయన్ని అంకుల్ అనడం మానేశాను" అంటే మొత్తం సంబంధం ఎటు వెళ్ళబోతోందో తెలుస్తుంది, వేగమూ పెరుగుతుంది. కానీ దీనికి తొందరగా అలవాటు పడిపోతాం. ప్రతి అధ్యాయం చివరా "అప్పుడు నాకు తెలియదు, అదే ఆఖరిసారని" అని రాస్తే, మూడోసారికి పాఠకుడు నమ్మడం మానేస్తాడు. నవల మొత్తానికి ఒకటో రెండో చాలు. వర్తమాన కాలంలో రాసేవాళ్ళకు ఈ సౌకర్యం అసలు లేదు, వాళ్ళు పూర్తిగా కళ్ళకు కనిపించేదాని మీదే ఆధారపడాలి. అందుకే అక్కడ పక్కపాత్రల చేతులు, అలవాట్లు, మాట తీరు మరింత నిశితంగా రాయాలి.

వారం వారం సీరియల్ రాసేవాళ్ళ ఇబ్బంది వేరు. వారం గడిచేసరికి పాఠకుడు పేర్లు మర్చిపోతాడు, దాంతో "రఘు, అంటే నా చిన్ననాటి స్నేహితుడు" అని ప్రతి భాగంలో గుర్తుచెయ్యాలనిపిస్తుంది. దానికన్నా ప్రతి మనిషికీ ఒక చేష్టో, మాటో ఇచ్చి, వచ్చినప్పుడల్లా అది ముందు కనిపించేలా చూడండి. మూర్తి గారంటే గుర్తులేకపోవచ్చు, ఖాళీ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగిన మనిషి గుర్తుంటాడు. ఆ గుర్తును చివరిదాకా మార్చకుండా లాగితే మాత్రం మనిషి కార్టూన్ అయిపోతాడు. ఎక్కడో ఒకచోట ఆయన సిగ్నల్ దాటెయ్యాలి. ఎప్పుడు, ఎవరికోసం దాటతాడన్నదే ఆయన కథ.

ఎడిటింగ్ దగ్గరికొచ్చాక నేను చేసే పని చాలా మోటుగా ఉంటుంది గానీ పనికొస్తుంది. ఒక్కో పక్కపాత్రనూ తీసుకుని, ఆ మనిషి ఉన్న సీన్లు మాత్రమే వరసగా చదువుతాను, మిగతా నవలంతా వదిలేసి. అలా చదివినప్పుడు ఆ మనిషికి ఒక సొంత కథ కనబడాలి, ఎంత సన్నగా ఉన్నా సరే. ప్రతి సీన్లోనూ ఒకేలా వచ్చి ఒకేలా వెళ్తుంటే, ఆ మనిషి వల్ల కథ చెప్పే మనిషి ఒక్క నిర్ణయమైనా మార్చుకోకపోతే, అప్పుడు రెండు దారులున్నాయి. పని పెట్టాలి, లేదా ఇద్దరు మనుషుల్ని ఒక్కరిగా కలిపెయ్యాలి. కలపడం బాధగానే ఉంటుంది, ఎందుకంటే రాసేవాళ్ళకు ఇద్దరూ ఇష్టమే. కానీ తరచూ జరిగేదేమిటంటే, కారున్న పై ఇంటాయన, లెక్కలు చెప్పే మాస్టారు వేర్వేరు మనుషులుగా ఉన్నంతకాలం ఇద్దరూ సోదిలో లేకుండా పోతారు. ఇద్దర్నీ కలిపితే ఒక మూర్తి గారు తయారవుతారు, ఆయనకు ఒక్కసారిగా బరువొస్తుంది, కథలో అరడజను పరిచయ వాక్యాలు వాటంతటవే ఎగిరిపోతాయి.

కొట్టేసిన పేజీల్ని మాత్రం పారెయ్యకండి. మూర్తి గారి కొడుకు ఏ రోజు వెళ్ళాడు, ఏ చొక్కా వేసుకున్నాడు, వెళ్ళేముందు తండ్రి ఏమన్నాడు అన్నది మీరు పేజీలకు పేజీలు రాసుకోండి, వేరే ఫైల్లో. అది పాఠకుడి కోసం కాదు. అది మీకు తెలిసి ఉంటేనే, ముఖం మీద టార్చి కొట్టకు అనే మాట ఆయన నోటి నుంచి సరైన సమయానికి వస్తుంది.